స్టీమ్ స్టోర్ పేజీ: క్యాప్సూల్ బొమ్మ నుంచి చివరి ట్యాగ్ దాకా

కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మీ గేమ్ ఆటగాళ్ల కంటికి మొదట కనబడేది వరసగా పేర్చిన బొమ్మల మధ్య ఒక చిన్న బొమ్మగానే. దాన్నే క్యాప్సూల్ అంటారు. దాని మీద క్లిక్ పడితే పేజీ తెరుచుకుంటుంది. ట్రైలర్ మొదలవుతుంది, పక్కన రెండు మూడు వాక్యాల వివరణ ఉంటుంది, కింద స్క్రీన్‌షాట్లు ఉంటాయి. విష్‌లిస్ట్‌లో (తర్వాత కొందామని దాచుకునే జాబితాలో) పెట్టాలా, వెనక్కి వెళ్లాలా అన్నది చాలామంది ఇక్కడే తేల్చేసుకుంటారు. పొడుగు వివరణ దాకా స్క్రోల్ చేసేవాళ్లు అప్పటికే సగం ఒప్పుకున్నవాళ్లు.

పేజీలో ఒక్కో భాగానికి ఒక్కో పని ఉంది. క్యాప్సూల్ పని క్లిక్ తేవడం, అదీ ఆ జానర్ (గేమ్ రకం) ఇష్టపడేవాళ్ల క్లిక్. ట్రైలర్, స్క్రీన్‌షాట్ల పని "ఇందులో నేను చేసేదేమిటి?" అన్న ప్రశ్నకు జవాబు చూపించడం. చిన్న వివరణ ఆ జవాబునే మాటల్లో ఖాయం చేస్తుంది. బొమ్మ బాగున్నా పేజీ దెబ్బతింటోందంటే ఎక్కువసార్లు కారణం ఒకటే: క్యాప్సూల్ ఒక గేమ్‌ను, ట్రైలర్ ఇంకో గేమ్‌ను, రాత మూడో గేమ్‌ను చూపిస్తున్నాయి. ముద్దొచ్చే బొమ్మ చూసి ప్రశాంతమైన గేమ్ అనుకుని వచ్చినవాళ్లకు లోపల రక్తపాతం కనబడితే ఆ క్లిక్ వృథా. అసలు ఆ రక్తపాతం కావాలనుకునేవాళ్లు క్లిక్ చెయ్యనే లేదు, అది ఇంకా పెద్ద నష్టం.

మాట గాల్లో ఉండకుండా ఒక ఊహా గేమ్‌ను వెంటబెట్టుకుందాం. నీళ్లలో మునిగిపోయిన నగరం. ఆటగాడు డైవర్. ఊపిరి అయిపోయేలోగా లోపలి సామాన్లు పైకి తేవాలి. ఆక్సిజనే ఇందులో డబ్బు. ప్రతి మునకకూ నగరం మారిపోతుంది. అంటే రోగ్‌లైక్: ప్రతిసారీ మారిన లోకంలో మొదటినుంచి ఆడే రకం.

1. గీత గీయకముందు రాసుకోవాల్సినవి

మొదట మూడు విషయాలు కాగితం మీద పెట్టండి: జానర్, ఆటగాడు పదేపదే చేసే పని, మిగతా గేముల్లో లేని ఒక్క మెలిక. మన డైవర్ గేమ్‌కు జానర్ రోగ్‌లైక్, చేసే పని మునిగి దోచుకురావడం, మెలిక ఊపిరే డబ్బు కావడం. ఈ మూడూ ఒక్క వాక్యంలో ఇమడకపోతే ఆర్టిస్ట్ దగ్గరికి వెళ్లకండి. తేలని విషయాన్ని ఎంత గొప్ప ఆర్టిస్టూ తేల్చలేరు, అందమైన బొమ్మ గీసిస్తారు, అంతే.

తర్వాత మీ గేమ్‌కు దగ్గరగా ఉన్న పది పదిహేను గేములు ఎంచుకోండి. గత రెండు మూడేళ్లలో వచ్చి బాగా అమ్ముడైనవి, మీలాంటి చిన్న జట్లు చేసినవి అయితే మంచిది. వాటి హెడర్ క్యాప్సూల్స్ (స్టోర్ పేజీ పైన కనబడే అడ్డం బొమ్మలు) అన్నీ ఒకే షీట్ మీద పక్కపక్కన అతికించండి. అప్పుడు జానర్ భాష కనబడుతుంది. హాయిగా సాగే వ్యవసాయ గేముల్లో గుండ్రని అక్షరాలు, వెచ్చని వెలుతురు. హారర్‌లో ఒకే ముఖం, చుట్టూ చీకటి. నగర నిర్మాణ గేముల్లో పైనుంచి ఏటవాలుగా చూసే దృశ్యం. మీ క్యాప్సూల్ ఈ భాషలోనే మాట్లాడాలి, కానీ ఏదో ఒక్క చోట వేరుగా ఉండాలి: రంగు కావచ్చు, ఆకారం కావచ్చు, పాత్ర కావచ్చు. రెండు మూడు చోట్ల వేరుగా ఉంటే ఆ జానర్ వాళ్లు తమ గేమని గుర్తుపట్టరు.

ఆ షీట్‌ను దాచుకోండి. తర్వాత పరీక్షకు మళ్లీ కావాలి.

2. క్యాప్సూల్: కొలతలు, కూర్పు, అక్షరాలు

స్టీమ్ అడిగే స్టోర్ బొమ్మలు నాలుగు. హెడర్ క్యాప్సూల్ 920×430 పిక్సెళ్లు. చిన్న క్యాప్సూల్ 462×174. మెయిన్ క్యాప్సూల్ 1232×706. నిలువు క్యాప్సూల్ 748×896. ఆటగాడు కొన్న గేములు కనబడే లైబ్రరీకి వేరే సెట్ ఉంది: నిలువు క్యాప్సూల్ 600×900, హీరో అనే వెడల్పాటి బొమ్మ 3840×1240, దాని మీద కూర్చునే లోగో పారదర్శకమైన పీఎన్‌జీ. పాత వ్యాసాల్లో 460×215, 231×87, 616×353, 374×448 అని కనబడతాయి. అవి ఇప్పటి కొలతల్లో సరిగ్గా సగం. పాత కొలతలతో ఆర్టిస్ట్‌కు పని అప్పగిస్తే చివర్లో బొమ్మను సాగదీయాల్సి వస్తుంది, అంచులన్నీ మసకబారతాయి.

కొలతల కంటే నిష్పత్తులు ముఖ్యం. నిలువు క్యాప్సూల్ ఎత్తుకంటే వెడల్పు తక్కువ. చిన్న క్యాప్సూల్ వెడల్పు ఎత్తుకు రెండున్నర రెట్లకు పైనే. లైబ్రరీ హీరో మూడు రెట్లు దాటుతుంది. ఒకే చిత్రాన్ని కత్తిరించి అన్నింటికీ సరిపెట్టాలని చూస్తే ఎక్కడో ఒకచోట డైవర్ తల తెగుతుంది, లేదా పేరు మూలకు నెట్టుకుపోతుంది. అందుకని బొమ్మను మొదటినుంచీ విడివిడి లేయర్లుగా గీయించాలి: పాత్ర ఒకటి, ముందున్న వస్తువులు ఒకటి, వెనక దృశ్యం ఒకటి, లోగో ఒకటి. వెనక దృశ్యాన్ని నాలుగు వైపులా అవసరానికి మించి పొడిగించి గీయమనండి. అలా ఉంటే ఒక్కో నిష్పత్తికి పాత్రను జరిపి, లోగోను పెంచి, కొత్తగా కూర్చుకోవచ్చు.

కూర్పులో మొదటి నియమం: ఒక్క విషయం. ఒక ముఖమో, ఒక చర్యో, ఒక వింత వస్తువో. కథలోని ఐదుగురినీ, విలన్‌నీ, కోటనీ, డ్రాగన్‌నీ ఒకే చోట ఎక్కిస్తే ముద్దగా తయారవుతుంది. మన గేమ్‌కైతే పెద్ద హెల్మెట్‌తో ఉన్న డైవర్ ఒక్కరే, చేతిలో మెరుస్తున్న పెట్టె, హెల్మెట్ గాజు వెనక కంగారుపడే కళ్లు, గాజు మీద ఎర్రగా వెలుగుతున్న ఆక్సిజన్ ముల్లు. మునగడం, దోచుకోవడం, ఊపిరి అయిపోవడం మూడూ ఆ ఒక్క ముఖంలోనే వచ్చేశాయి. మునిగిన నగరం వెనక మసక నీడగా కనబడితే చాలు.

రెండోది వెలుగునీడల తేడా. స్టీమ్ పేజీ వెనక రంగు ముదురు నీలం. నీటి అడుగు గేమ్ అని క్యాప్సూల్‌ను కూడా ముదురు నీలంలో ముంచితే దాని అంచులు పేజీలో కలిసిపోతాయి, కంటికి ఆనదు. మన గేమ్‌లో ఇది నిజమైన ప్రమాదం. వెనక దృశ్యాన్ని లేత ఆకుపచ్చ నీలానికి తెచ్చి, హెల్మెట్‌ను ఇత్తడి పసుపులో పెడితే పాత్ర ముందుకొస్తుంది. బొమ్మను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. పాత్ర, అక్షరాలు, వెనక దృశ్యం మూడూ వేర్వేరు బూడిద మెట్లలో ఉండాలి. రెండు ఒకే మెట్టులో కలిసిపోతున్నాయంటే రంగుల తేడా మీదే ఆ బొమ్మ నిలబడి ఉంది. చిన్న సైజులో ఆ తేడా నిలవదు.

మూడోది పేరు. బొమ్మ మీద టైప్ చేసిన పేరుకూ, లోగోగా డిజైన్ చేసిన పేరుకూ తేడా చూడగానే తెలుస్తుంది. మామూలు ఫాంట్‌లో పేరు వేసి వదిలేస్తే గేమ్ కూడా అలాగే చేశారేమో అనిపిస్తుంది. బొమ్మకు డబ్బు పెడుతున్నప్పుడు లోగోను వదిలెయ్యకండి, లోగో నాసిరకంగా ఉంటే మంచి బొమ్మ కూడా పడిపోతుంది. అక్షరాలు లావుగా ఉండాలి. చుట్టూ ముదురు గీతో నీడో ఉండాలి. పేరు పొడుగైతే రెండు వరసల్లో పేర్చి, ముఖ్యమైన పదాన్ని పెద్దది చెయ్యాలి. సన్నని చేతిరాత ఫాంట్లు, అలంకారాల కొనలు చిన్న సైజులో అసలు మిగలవు.

చిన్న క్యాప్సూల్‌కు ఇది మరీ ముఖ్యం. దీన్నుంచే స్టీమ్ ఇంకా చిన్నవి తయారుచేస్తుంది: 184×69, 120×45. 120 పిక్సెళ్ల వెడల్పులో బొమ్మలోని వివరం ఏదీ కనబడదు, పేరొక్కటే పని చెయ్యాలి. అందుకే చిన్న క్యాప్సూల్‌లో లోగో దాదాపు మొత్తం స్థలాన్ని ఆక్రమించాలి. వెనక రంగూ, పాత్ర ముక్కా ఏదో కొద్దిగా కనబడితే సరి. హెడర్‌ను యథాతథంగా కుదించి ఇక్కడ పెట్టడం చాలా తరచుగా కనబడే తప్పు. సెర్చ్ ఫలితాల్లో ఆ గేములు పేరు చదవలేని మరకల్లా కనబడతాయి.

లైబ్రరీ హీరోలో అక్షరాలు ఉండకూడదు. లోగోను స్టీమే దాని మీద పెడుతుంది, స్థానం మీరు ఎంచుకోవచ్చు. స్క్రీన్ సైజును బట్టి హీరో అంచులు తెగిపోతాయి కాబట్టి ముఖ్యమైనదంతా మధ్యలోని 860×380 భాగంలోనే ఉంచండి.

ఇక నిబంధన. 2022 సెప్టెంబర్ 1 నుంచి క్యాప్సూల్స్ మీద గేమ్ ఆర్ట్, గేమ్ పేరు, అధికారిక ఉపశీర్షిక తప్ప ఇంకేమీ ఉండకూడదు. రివ్యూ స్కోర్లు, అవార్డు పేర్లు, "ఇప్పుడు డిస్కౌంట్‌లో" లాంటి రాతలు, వేరే గేమ్ ప్రచారం, ఏదీ కుదరదు.

3. ఆర్టిస్ట్‌కు ఇచ్చే బ్రీఫ్

"అద్భుతంగా, కంటికి ఆనేలా కావాలి" అని రాస్తే ఆర్టిస్ట్ ఊహించాల్సి వస్తుంది, మీరు నాలుగుసార్లు తిప్పికొట్టాల్సి వస్తుంది. బ్రీఫ్‌లో, అంటే పని అప్పగించే పత్రంలో, ఇవి ఉండాలి: ఆ ఒక్క వాక్యం, పోల్చిన గేముల షీట్, బొమ్మలో కచ్చితంగా ఉండాల్సిన మూడు అంశాలు, అసలు ఉండకూడనివి, గేమ్ ఆడుతున్న వీడియో, పాత్ర ముందు వెనక పక్క చిత్రాలు, అన్ని కొలతల పట్టిక. ఇచ్చే ఫైళ్లు లేయర్లు విడిగా ఉన్న అసలు ఫైళ్లే కావాలని ముందే రాసుకోండి. వాణిజ్య వాడకం హక్కులు, పోస్టర్లకూ సోషల్ మీడియాకూ మార్చి వాడుకునే హక్కు ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. లోగో కూడా అదే ఆర్టిస్ట్ చేస్తారా, వేరేవాళ్లా అన్నది కూడా అక్కడే తేలాలి.

మొదట చేతి గీతల్లో మూడు నాలుగు చిన్న నమూనాలు అడగండి. వాటిని 231 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి చూసి ఒకటి ఎంచుకోండి. పెద్ద సైజులో ఎంచుకుంటే మనసు ఎప్పుడూ వివరాలు ఎక్కువున్నదాని వైపే పోతుంది. తర్వాతి మెట్టు బూడిద రంగుల్లో వెలుగునీడలు, ఆ తర్వాత రంగులు, చివరికి పూర్తి బొమ్మ. పెద్ద మార్పులు మొదటి రెండు మెట్లలోనే అడగాలి. రంగులు వేశాక "డైవర్‌ను ఎడమవైపు తిప్పండి" అంటే దాదాపు మొదటినుంచీ గీయడమే.

ఏఐతో తయారుచేసిన బొమ్మలు వాడితే స్టీమ్ కంటెంట్ సర్వేలో (గేమ్‌లో ఏముందో మీరు నింపే ఫారంలో) చెప్పాలి, ఆ మాట పేజీలో కూడా కనబడుతుంది. అది చూసి వెనక్కి తగ్గే ఆటగాళ్లు ఉన్నారు, లెక్కలోకి తీసుకోండి. ఆర్టిస్ట్ నుంచి కూడా ఈ విషయంలో రాతపూర్వకంగా మాట తీసుకోవడం మంచిది.

బొమ్మ వచ్చాక పరీక్ష. దాచిన షీట్‌లో పోల్చిన గేముల మధ్య మీ క్యాప్సూల్‌ను అతికించండి. మీ గేమ్ గురించి తెలియనివాళ్లకు రెండు క్షణాలు చూపించి తీసెయ్యండి. మూడు ప్రశ్నలు అడగండి: ఏ బొమ్మ గుర్తుంది, అందులో పేరేమిటి, అది ఎలాంటి గేమ్. "బాగుందా?" అని మాత్రం అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. జానర్ తప్పు చెబితే అక్షరాల ఆకారం, రంగు, పాత్ర భంగిమ ఈ మూడింటిలో ఏది తప్పుదారి పట్టించిందో వాళ్లనే అడగండి. ఎక్కువగా అక్షరాలే దోషులు.

4. స్క్రీన్‌షాట్లు

కనీసం ఐదు పెట్టాలి. 1920×1080 లేదా అంతకంటే పెద్దవి, 16:9 నిష్పత్తిలో. ఎనిమిది నుంచి పది మధ్య పెడితే బాగుంటుంది. అన్నీ గేమ్‌లో నిజంగా కనబడే దృశ్యాలే కావాలి. కాన్సెప్ట్ ఆర్ట్, ముందే రెండర్ చేసిన చిత్రాలు, అవార్డుల పట్టీలు, ప్రచార వాక్యాలు ఇక్కడ పెట్టకూడదు.

మొదటి నాలుగింటి మీదే ఎక్కువ కష్టపడాలి, మిగతావి చాలామంది చూడరు. స్టోర్‌లో వేరే చోట్ల గేమ్ మీద మౌస్ పెట్టినప్పుడు కూడా కొన్ని స్క్రీన్‌షాట్లే తిరుగుతాయి. అక్కడ కనబడాలంటే కనీసం నాలుగింటికి "అన్ని వయసుల వారికీ తగినది" అన్న గుర్తు పెట్టాలి. దీన్ని మరిచిపోయేవాళ్లు చాలామంది.

వరస ఇలా ఆలోచించండి. మొదటిది ఆటగాడు ఎక్కువసేపు చూసే స్క్రీన్, దాని ఉత్తమ క్షణంలో: డైవర్ ఒక భవనం లోపల, పెట్టె చేతిలో, ఆక్సిజన్ మీటర్ ఎర్రబడుతూ, తలుపు దగ్గర ఏదో కదులుతూ. రెండోది మెలిక: ఊపిరి ఖర్చుపెట్టి ఆయుధం కొంటున్న దుకాణం, ధర ఆక్సిజన్‌లో కనబడేలా. మూడోది ఎదుగుదల: పడవ అప్‌గ్రేడ్లు. నాలుగోది పూర్తిగా వేరే రంగులో, వేరే చోటు. అక్కడినుంచి వైవిధ్యం చూపించండి. రెండు స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే ఒకేలా కనబడుతున్నాయా? ఒకటి తీసెయ్యండి.

మీటర్లూ బటన్లూ దాచేసి తీసిన స్క్రీన్‌షాట్లు సినిమాలా ఉంటాయి, కానీ అది ఏ జానరో చెప్పవు. స్ట్రాటజీ, సిమ్యులేషన్, కార్డ్ గేముల్లో ఇంటర్‌ఫేసే జానర్ గుర్తు, దాచకండి. మెనూ స్క్రీన్, ఎవరూ లేని ప్రకృతి దృశ్యం, డైలాగ్ పెట్టె తప్ప ఏమీ లేని ఫ్రేమ్, ఇవి చోటు తినేవే. గేమ్ నుంచి తీసేటప్పుడు డీబగ్ రాతలు (తప్పులు వెతకడానికి మీరు తెర మీద వేసుకునేవి), ఫ్రేమ్‌రేట్ అంకె, మౌస్ గుర్తు మూలల్లో మిగిలాయేమో జూమ్ చేసి చూడండి. కంప్రెస్ చేసిన వీడియో నుంచి ఫ్రేములు తీయడం వద్దు, ముదురు చోట్ల చతురస్రాల మచ్చలు వస్తాయి.

పేజీ నేపథ్య చిత్రం విడిగా ఇవ్వవచ్చు, 1438×810. ఇవ్వకపోతే చివరి స్క్రీన్‌షాట్ నుంచి స్టీమ్ తయారుచేసుకుంటుంది. మీరే మసకైన, అంచుల వైపు ఆకారాలున్న చిత్రం ఇస్తే రాత చదవడానికి హాయిగా ఉంటుంది.

5. ట్రైలర్ గురించి నాలుగు మాటలు

ట్రైలర్ తయారీ వేరే పెద్ద విషయం, పేజీకి కావలసినంత వరకే చూద్దాం. స్టూడియో లోగోతో మొదలుపెట్టకండి. నల్ల తెర మీద నెమ్మదిగా వచ్చే కథా వాక్యాలతోనూ వద్దు. మొదటి ఐదు క్షణాల్లో ఆటగాడు చేసే పని కనబడాలి: దూకడం, సామాను పట్టుకోవడం, మీటర్ పడిపోవడం. లోగో చివర్లో. చాలామంది శబ్దం ఆపేసి చూస్తారు కాబట్టి శబ్దం లేకుండా చూసినా అర్థం కావాలి. మొత్తం నిమిషం, నిమిషంన్నర సరిపోతుంది. 1920×1080, సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు, సెకనుకు కనీసం 5000 కిలోబిట్లు. మొదటి ట్రైలర్ నుంచే స్టీమ్ ఆరు క్షణాల మైక్రోట్రైలర్ కోసుకుంటుంది. అందులోకి నల్ల తెరలూ, రాతల కార్డులూ పడితే మౌస్ పెట్టినప్పుడు ఖాళీయే కనబడుతుంది.

6. చిన్న వివరణ

దాదాపు 300 అక్షరాలు, అంటే రెండు నుంచి నాలుగు చిన్న వాక్యాలు. హెడర్ కింద ఉంటుంది, స్టోర్‌లో ఇంకా కొన్ని చోట్ల కూడా వస్తుంది. పేజీలో ఎక్కువమంది చదివే రాత ఇదే. మన గేమ్‌కు మొదట తోచేది ఇలా ఉంటుంది:

"చీకటి అలుముకున్న లోకంలో, మరచిపోయిన రహస్యాలు మీకోసం ఎదురుచూస్తున్నాయి. ధైర్యం, త్యాగం, ఆశ కలగలసిన మరపురాని ప్రయాణానికి మీరు సిద్ధమేనా?"

దీన్ని వేరే ఏ గేమ్ కింద పెట్టినా సరిపోతుంది. అదే దీని జబ్బు. జానర్ లేదు, చేసే పని లేదు, నీళ్లు కూడా లేవు. ఇప్పుడు ఇది:

"మునిగిపోయిన నగరంలోకి దూకి, ఊపిరి అయిపోయేలోగా విలువైన సామాన్లు పైకి తెచ్చే రోగ్‌లైక్. మీ ఆక్సిజనే మీ డబ్బు: తలుపు తెరవాలన్నా, ఆయుధం కొనాలన్నా ఊపిరే ఖర్చు. ప్రతి మునకకూ భవనాలు మారతాయి. తెచ్చిన సొమ్ముతో పడవను పెంచుకుని ఇంకా లోతుకు దిగండి."

మొదటి వాక్యంలో చోటు, పని, ఒత్తిడి, జానర్ నాలుగూ ఉన్నాయి. రెండోది మెలికను చెప్పి ఊరుకోకుండా దాని వల్ల ఆటగాడు ఎదుర్కొనే తూకం ఏమిటో రెండు ఉదాహరణల్లో చూపించింది. చివరి రెండూ ఎంతకాలం ఆడొచ్చు అన్న అనుమానానికి జవాబు. క్రియలు చూడండి: దూకి, తెచ్చి, తెరిచి, కొని, పెంచి, దిగండి. క్రియలు ఆటలో బటన్లకు సమానం. విశేషణాలు కోసేసి క్రియలు పెంచుకుంటూ పోతే వివరణ దానంతట అదే బాగుపడుతుంది.

రాశాక రెండు పరీక్షలు. మీ గేమ్ పేరు తీసేసి వేరే గేమ్ పేరు పెట్టండి, ఇంకా సరిపోతోందా? సరిపోతే మళ్లీ రాయండి. రెండోది, మొదటి వాక్యం మాత్రమే ఒకరికి వినిపించి, ఇందులో మీరేం చేస్తారని అడగండి. జవాబు క్రియతో రాకపోతే మళ్లీ రాయండి. "ప్రత్యేకమైన", "వినూత్నమైన", "అద్భుతమైన" అన్న మాటలు ఎక్కడ కనబడినా ఆ చోటే మీరు చెప్పాల్సింది చెప్పకుండా దాటేసిన చోటు.

పేజీ ఏ భాషలో ఉన్నా ఆ భాష పుట్టినప్పటినుంచీ మాట్లాడేవాళ్లతో ఒక్కసారి చదివించండి. మెషీన్ అనువాదంలో తేడాపడిన రెండు వాక్యాలు గేమ్ అంతా అలాగే ఉంటుందేమోనన్న భయం పుట్టిస్తాయి. పేజీని అనువదించడం, గేమ్‌ను అనువదించడం వేర్వేరు. పేజీ ఒక భాషలో ఉండి గేమ్ ఆ భాషలో లేకపోతే భాషల పట్టికలో నిజమే టిక్ చెయ్యండి. లేని భాషకు టిక్ పెడితే ఆ భాషవాళ్ల నుంచి చెడ్డ రివ్యూలూ రీఫండ్లూ తప్పవు.

7. "ఈ గేమ్ గురించి" విభాగం

ఇక్కడ స్థలం ఉంది కదా అని లోకం చరిత్రంతా రాయకండి. ఎవరూ వరసగా చదవరు, కంటితో ఏరుకుంటారు. ఒక శీర్షిక, కింద కదిలే చిన్న చిత్రం, దాని కింద రెండు వాక్యాలు. ఇలాంటి ముక్కలు మూడు నుంచి ఐదు. మన గేమ్‌కైతే శీర్షికలు "ఊపిరి అమ్ముకుని దారి కొనుక్కోండి", "ప్రతి మునకా కొత్త నగరం", "పడవను కోటలా కట్టుకోండి". శీర్షికలు మాత్రమే చదివినా గేమ్ అర్థం కావాలి. చిన్న వివరణలో చెప్పిందే మళ్లీ చెప్పకుండా, అక్కడ ఇమడని రెండో పొర వివరాలు ఇక్కడ పెట్టండి: ఎన్ని రకాల పరికరాలు, ఒక మునక ఎంతసేపు, కలిసి ఆడొచ్చా, కంట్రోలర్ పనిచేస్తుందా. అంకెలు గేమ్‌లో నిజంగా ఉన్నవే రాయండి, రాబోయేవి కాదు.

కదిలే చిత్రాలు మూడు నాలుగు క్షణాలకు మించొద్దు. ఒక్కోటి ఒక్క పనే చూపించాలి. మొత్తం స్క్రీన్‌ను కుదించకుండా చర్య జరిగే చోటును మాత్రమే కత్తిరించండి, లేకపోతే చీమంత డైవర్ కనబడతాడు. ఫైళ్లు బరువైతే నెమ్మదైన కనెక్షన్లలో పేజీ ఖాళీ పెట్టెలుగా తెరుచుకుంటుంది. ఒక్కోటి మూడు నాలుగు మెగాబైట్ల లోపు ఉంచుకుంటే మేలు. ముఖ్యమైన శీర్షికలను బొమ్మలోనే అచ్చు వేస్తే అనువాదం చేసిన ప్రతి భాషకూ ఆ బొమ్మ మళ్లీ చెయ్యాలి. టెక్స్ట్‌గానే ఉంచడం సులువు. విష్‌లిస్ట్ బటన్‌లా కనబడే నకిలీ బొమ్మలు, వేరే వెబ్‌సైట్లకు లింకులు వివరణలో పెట్టకూడదు. వెబ్‌సైట్‌కూ సోషల్ మీడియాకూ స్టీమ్ విడిగా గళ్లు ఇచ్చింది.

8. ట్యాగ్‌లు

ట్యాగ్‌లంటే గేమ్ ఎలాంటిదో చెప్పే గుర్తుమాటలు. 20 దాకా పెట్టవచ్చు, మొత్తం వాడుకోండి. "ఇలాంటి మరికొన్ని" వరసల్లో ఏ గేముల పక్కన కనబడతారన్నది వీటి మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. మొదటి కొన్నే పేజీలో నేరుగా కనబడతాయి, కాబట్టి వరస ముఖ్యం. "ఇండీ", "యాక్షన్", "అడ్వెంచర్" లాంటి వెడల్పాటివి ముందు పెడితే లక్ష గేముల్లో కలిసిపోతారు. ముందు సూటి జానర్, తర్వాత ఆట తీరు, తర్వాత చోటు, దృశ్య శైలి, మూడ్. మన గేమ్‌కు వరస: యాక్షన్ రోగ్‌లైక్, నీటి అడుగు, దోపిడీ, వనరుల నిర్వహణ, మనుగడ, ఆ తర్వాత మిగతావి. పోల్చుకున్న గేముల పేజీల్లో ట్యాగ్‌లు చూసి, మీ గేమ్‌కు నిజంగా వర్తించేవి ఏరుకోండి. పేరున్న ట్యాగ్ అని వర్తించనిది పెడితే తప్పుడు ఆటగాళ్ల ముందు కనబడతారు, వాళ్లు క్లిక్ చెయ్యరు.

9. పంపడం, కొలవడం, మార్చడం

పేజీ సమీక్షకు మామూలుగా మూడు నుంచి ఐదు పనిదినాలు పడుతుంది. తిరస్కరిస్తే సరిచేసి మళ్లీ పంపాలి, కాబట్టి ప్రకటన తేదీకి వారం పదిరోజుల ముందే పంపండి. విడుదలకు కనీసం రెండు వారాల ముందు "త్వరలో" పేజీ బయట ఉండాలన్నది నిబంధన. రెండు వారాలతో సరిపెట్టుకోవడం మాత్రం తెలివైన పని కాదు, విష్‌లిస్ట్‌లు పోగవడానికి నెలలు కావాలి. విష్‌లిస్ట్‌లో పెట్టినవాళ్లకు విడుదల రోజునా, 20 శాతం లేదా అంతకు మించి తగ్గింపు ఇచ్చినప్పుడూ స్టీమ్ మెయిల్ పంపుతుంది. కానీ క్యాప్సూల్ పక్కాగా కాకుండా పేజీ తెరవొద్దు. తాత్కాలికంగా పెట్టిన బొమ్మతో వచ్చిన మొదటి జనం మళ్లీ రారు.

గేమ్ తయారుచేసేవాళ్ల కోసం స్టీమ్ ఇచ్చే సైట్ స్టీమ్‌వర్క్స్‌లో ట్రాఫిక్ నివేదిక ఉంది: క్యాప్సూల్ ఎన్నిసార్లు కనబడింది, ఎంత శాతం క్లిక్ చేశారు, పేజీకి ఎంతమంది వచ్చారు, ఎక్కడినుంచి వచ్చారు. పక్కనే విష్‌లిస్ట్ నివేదిక. కనబడినా క్లిక్‌లు లేకపోతే తప్పు క్యాప్సూల్‌ది, లేదా ట్యాగ్‌లది. క్లిక్‌లు ఉండి విష్‌లిస్ట్‌లు లేకపోతే తప్పు లోపల ఉంది: ట్రైలర్, మొదటి స్క్రీన్‌షాట్లు, చిన్న వివరణ ఈ వరసలో వెతకండి. మొత్తం క్లిక్ శాతం ఒక్కటే చూసి భయపడొద్దు. పేరు వెతికి వచ్చినవాళ్లలో అది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది, సిఫారసు వరసల్లో ఎప్పుడూ తక్కువే. ఒకే రకమైన చోటును ముందూ వెనకా పోల్చండి.

స్టీమ్‌లో రెండు క్యాప్సూల్స్‌ను పక్కపక్కన పరీక్షించే సదుపాయం లేదు, గూగుల్ ప్లేలో ఉంది. కాబట్టి ఒకసారి ఒక్కటే మార్చండి, రెండు వారాలు వదిలేసి అంకెలు చూడండి. పెద్ద సేల్ వారాల్లో, నెక్స్ట్ ఫెస్ట్ (రాబోయే గేముల డెమోలతో స్టీమ్ జరిపే పండుగ) మధ్యలో మార్చిన మార్పును కొలవలేరు, జనమే వేరు. నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్ ఒక్కసారే పాల్గొనగలదు, అందుకని క్యాప్సూల్ ప్రయోగాలన్నీ దానికి ముందే తేల్చుకోవాలి.

విడుదల రోజున పేజీని మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదవండి. "రాబోతోంది", "ప్లాన్ చేస్తున్నాం" అన్న వాక్యాలు తీసెయ్యండి. పాత ఇంటర్‌ఫేస్ ఉన్న స్క్రీన్‌షాట్లు మార్చండి. పత్రికల రివ్యూ వాక్యాలకూ అవార్డులకూ పేజీలో విడి విభాగం ఉంది, అక్కడ పెట్టండి. తర్వాత పెద్ద అప్‌డేట్ తెచ్చినప్పుడు దాని పేరు క్యాప్సూల్ మీద వెయ్యాలనుకుంటే ఆర్ట్‌వర్క్ ఓవర్‌రైడ్ (తాత్కాలికంగా వేరే బొమ్మ పెట్టే సదుపాయం) వాడండి. అది నెల దాకా ఉండి దానంతట అదే పాత బొమ్మకు తిరిగి వస్తుంది. దాని మీది రాతను మీ గేమ్ ఉన్న ప్రతి భాషలోకీ మార్చి ఇవ్వాలి, ఆ ఫైళ్లకు ఆర్టిస్ట్‌తో ముందే మాట్లాడుకోండి.